గుండె మాత్ర.. కడుపుకి కాపలా కాస్తుందా?

బీపీ ఉందని ఒకరు, మైగ్రేన్ తగ్గట్లేదని ఇంకొకరు, స్టేజీ ఎక్కితే గుండె దడదడలాడుతోందని మరొకరు.. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లు ముప్ఫై నిండని మా బ్యాచ్‌లోనూ ఉన్నారు. అందులో ఒకడు మైగ్రేన్‌కి రోజూ ప్రొప్రనలాల్ వేసుకుంటాడు. నొప్పి మరీ ఎక్కువైతే పైన ఒక ఇబుప్రొఫెన్. 'నొప్పి మాత్రలతో అల్సర్ వస్తుందంటారు కదరా' అంటే, 'బీటా బ్లాకర్ కడుపుని కాపాడుతుందట, చదివాన్లే' అన్నాడు ధీమాగా.

నేను కోడ్ రాసుకునేవాణ్ణి, డాక్టర్ని కాదు. కానీ ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని చదవడం మొదలుపెట్టా. అతని మాటలో కొంత నిజం ఉంది. ఆ 'కొంత' ఎంతో తెలుసుకోవడమే ముఖ్యం.

అడ్రినలిన్‌ని మ్యూట్‌లో పెడితే..

టెన్షన్ పడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. ఆ కబురు అందుకోవడానికి గుండెలో, రక్తనాళాల్లో, ఊపిరితిత్తుల్లో రిసెప్టర్లు ఉంటాయి. వాటిలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలున్నాయని 1948లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్క్విస్ట్ ప్రతిపాదించాడు. బీటా రిసెప్టర్‌ని అడ్డుకుంటే గుండెకి పని తగ్గుతుందన్న ఆలోచనతో 1960ల్లో ప్రొప్రనలాల్‌ని తెచ్చింది స్కాట్లండ్‌కి చెందిన జేమ్స్ బ్లాక్ బృందం. ఫోన్‌లో నోటిఫికేషన్లు మ్యూట్ చేసినట్టే. మెసేజ్ వస్తుంది, గుండె మాత్రం ఉలిక్కిపడదు.

తమాషా ఏంటంటే, ఆ తర్వాత అల్సర్ మందు కనిపెట్టిందీ ఈ బ్లాక్ బృందమే! కడుపులో యాసిడ్ ఊరమని చెప్పే హిస్టమిన్ రిసెప్టర్‌ని అడ్డుకునే సిమెటిడిన్ 1976లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. బ్లాక్‌కి 1988లో నోబెల్ దక్కింది. గుండె మాత్ర, కడుపు మాత్ర ఒకే బుర్రలోంచి పుట్టాయి. అవి మూసే తలుపులే వేరు.

ఆశ ఎక్కడ పుట్టింది?

చలి, గాయం, విపరీతమైన శ్రమ.. ఇలా రకరకాల ఒత్తిడికి గురిచేసిన ఎలుకల కడుపులో పుండ్లు పడుతున్నాయని 1936లో హాన్స్ సెల్యే రాశాడు. మన కడుపు తన యాసిడ్‌తో తనే కాలిపోకుండా ఉండేది లోపలి జిగురు పొర వల్ల, దానికి ఆగకుండా అందే రక్తం వల్ల. తీవ్రమైన ఒత్తిడిలో అక్కడికి రక్తం తగ్గుతుంది. పొర బలహీనపడుతుంది.

మరి అడ్రినలిన్ కబురుని ఆపేస్తే? ఎలుకలకి ముందుగా ప్రొప్రనలాల్ ఇచ్చి, తర్వాత ఒత్తిడి పెట్టో, ఇండోమెథసిన్ అనే నొప్పి మందు ఇచ్చో చూశారు. కొన్ని ప్రయోగాల్లో పుండ్లు తగ్గాయి. కార్వెడిలాల్ లాంటి బీటా బ్లాకర్లకి కణాల్ని కాపాడే యాంటీఆక్సిడెంట్ గుణం కూడా ఉంది. 'కాపాడుతుందట' అన్న మాటకి మూలం ఇక్కడుంది.

మనిషి కడుపులో కథ వేరు

మనకొచ్చే అల్సర్లలో ఎక్కువ భాగానికి కారణాలు రెండే. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో దాన్ని తనే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. అతనికీ, రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ వచ్చింది. రెండోది ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు. ఇవి నొప్పితోపాటు కడుపు పొరని కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనీ తగ్గించేస్తాయి.

బీటా బ్లాకర్ ఆ బ్యాక్టీరియాని చంపదు. తగ్గిన ప్రోస్టాగ్లాండిన్లని తిరిగి తీసుకురాదు. అందుకే అల్సర్‌కి డాక్టర్లు రాసేది యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్రలు. ఆ చీటీలో బీటా బ్లాకర్ ఉండదు.

నిజంగా కాపాడే చోటు ఒకటుంది

లివర్ గట్టిపడిపోయే సిరోసిస్‌లో, లివర్‌కి వెళ్లే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. దాంతో అన్నవాహికలో, కడుపులో సిరలు ఉబ్బి, ఒక్కోసారి పగిలి ప్రాణం మీదికి వస్తుంది. ప్రొప్రనలాల్ ఆ ఒత్తిడిని తగ్గించి మళ్లీ రక్తస్రావం కాకుండా ఆపగలదని 1981లో ఫ్రాన్స్‌లో డిడియే లెబ్రెక్ బృందం చూపించింది. ఇప్పటికీ ప్రొప్రనలాల్, కార్వెడిలాల్ ఇందుకు వాడుతున్నారు. అది అల్సర్ కాదు, వేరే జబ్బు. రెండిట్లోనూ కడుపులో రక్తం పోవచ్చు కాబట్టి, వినేవాళ్లు రెండిటినీ కలిపేస్తుంటారు.

అసలు భయపడాల్సింది దీనికి!

అల్సర్ నుంచి రక్తం పోతుంటే గుండె వేగం పెంచి తట్టుకోవాలని చూస్తుంది. డాక్టర్లు పసిగట్టే గుర్తుల్లో ఇదొకటి. బీటా బ్లాకర్ వాడేవాళ్లలో ఆ వేగం పెరగకపోవచ్చు. మ్యూట్ చేసిన ఫోన్‌లో ఎమర్జెన్సీ కాల్ కూడా మోగదు కదా! స్మార్ట్‌వాచ్‌లో 70 కనిపిస్తోంది, నాకేం కాలేదని కూర్చుంటే మోసపోతాం.

అందుకే అంకె కంటే గుర్తుల్ని నమ్మండి. తారులా నల్లగా, జిగటగా విరేచనం అవడం, కాఫీ పొడి లాంటి వాంతి లేదా రక్తపు వాంతి, లేవగానే కళ్లు తిరగడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది, అయినా ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే. వెళ్లగానే 'నేను బీటా బ్లాకర్ వాడుతున్నా' అని ముందే చెప్పండి.

ఇంకో మూడు మాటలు. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ ఊపిరాడకుండా చేయొచ్చు. రోజూ వాడుతున్న మాత్రని ఒక్కసారిగా మానేస్తే గుండెకి ప్రమాదం. నొప్పి మాత్రలు తరచూ వేసుకుంటే బీపీ మీద బీటా బ్లాకర్ ప్రభావం తగ్గొచ్చు. కాబట్టి ఫ్రెండ్ బ్యాగులోంచి అడిగి తీసుకుని మింగే మాత్ర కాదిది.

ఈ రెండు రకాల మాత్రలూ మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఒకటే అడగండి: 'ఈ నొప్పి మాత్రకి బదులు ఇంకేదైనా ఉందా? లేకపోతే కడుపుకి రక్షణగా ఏం వేసుకోవాలి?'