మ్యాపులో రంగు పడితే చేను పోదు

మేళ్లచెరువు చుట్టుపక్కల బావి తవ్వించిన రైతుకు సున్నపురాయి కొత్తకాదు. మట్టి కింద నాపరాయి పొరలు పొరలుగా తగులుతుంది. ఈ రాయి కృష్ణకు ఇవతల మనవైపూ, అవతల పల్నాడులోనూ ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది దీనికోసమే. నదికి ఎగువన నల్లమల అడవిలో కథ వేరు. అక్కడ నేల కింద ఏమేం ఉన్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు. అందుకే సుత్తె పట్టుకుని ఎవరైనా కనిపిస్తే చాలు, 'భూములు పోతాయట' అని పుకారు లేస్తుంది. అసలు సంగతి తెలుసుకోండి.

మ్యాపు ఎలా వేస్తారు?

ఈ పని 1851లో ఏర్పడిన భారత భూగర్భ సర్వే సంస్థది. సర్వేవాళ్లు గుట్టలు, వాగులు తిరిగి, రాయి పైకి తేలినచోట ముక్క కొట్టి చూస్తారు. పొర ఎటు వాలి ఉందో రాసుకుంటారు. రాయి రకాన్నిబట్టి మ్యాపులో రంగు వేస్తారు. అడవిలో ఆకులు, మట్టి కప్పేసి రాయి కనబడదు. అప్పుడు వాగు ఇసుకను పరీక్షకు పంపుతారు. ఎగువనున్న రాళ్ల నలుసులన్నీ ఆ ఇసుకలో ఉంటాయి మరి!

మామూలు మ్యాపులో ఒక సెంటీమీటరంటే నేలమీద అర కిలోమీటరు. ఎకరం చేను అందులో ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. కాబట్టి మీ చేలో ఏముందో ఆ మ్యాపు చెప్పలేదు.

రంగు వేరు, గని వేరు

మ్యాపు తర్వాత జి-4, జి-3, జి-2, జి-1 అని నాలుగు దశల అన్వేషణ ఉంటుంది. దశ ముదిరేకొద్దీ బోర్లు దగ్గర దగ్గరగా వేస్తారు. సరుకు చాలదనుకుంటే మధ్యలోనే వదిలేస్తారు.

సరుకు ఉన్నా గని రావాలని లేదు. నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టులో గ్రానైటుకూ దానిపై రాతిపొరకూ మధ్య యురేనియం దొరికింది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వ్యతిరేకించారు. 2019లో అమ్రాబాద్ అడవిలో అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు ఊళ్లు కదిలాయి. ఆ సెప్టెంబరులోనే నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానించింది.

రైతులు ఏం చేయాలి?

* చేలోకి వచ్చినవారిని గుర్తింపు కార్డు, ఆఫీసు కాగితం అడగండి. అనుమానముంటే తహసీల్దారు కార్యాలయంలో విచారించండి.

* దళారీ మాటవిని తొందరపడి భూమి అమ్మకండి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు.

* మీ చేలో బోరు వేస్తే, పని అయ్యాక దాన్ని పూడ్పించేదాకా ఊరుకోకండి. మూతలేని బోరు పసిపిల్లలకు, గొడ్లకు గండం.

* గని ప్రతిపాదనపై ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన వెలువడాలి. తప్పక వెళ్లండి. బావి లోతు, పంట, పశువుల సంగతి చెప్పి రికార్డులో రాయించండి.

* అడవిలో పోడు చేసుకునేవారు 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా భద్రంగా దాచుకోండి. గ్రామసభకు రావడం మానకండి.

రాయి ఎక్కడికీ పోదు. కాగితం చదవకుండా వేలిముద్ర వేస్తేనే చేను పోతుంది.