సిరక్యూజ్: ఆర్కిమెడిస్ పుట్టిన ఊరు చూడాలనుకుంటున్నారా? ఆ నిమ్మతోట వెనుక కథ తెలుసుకునే వెళ్లండి!

'యురేకా' అనగానే గుర్తొచ్చే పేరు ఆర్కిమెడిస్. మరి ఆయన సొంతూరు ఎక్కడ? గ్రీస్‌లో అనుకుంటే పొరపాటే. ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో ఉన్న సిరక్యూజ్ ఆయన ఊరు. క్రీస్తుపూర్వం 734 ప్రాంతంలో గ్రీస్‌లోని కొరింథ్ నుంచి ఓడల్లో వలస వచ్చినవాళ్లు ఈ నగరాన్ని స్థాపించారు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ చూడాల్సినవి ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఒర్టీజియా, రెండోది నియాపొలిస్ పార్కు.

గుడి గోడల్లోనే చర్చి

ఒర్టీజియా ఓ చిన్న దీవి. వంతెన దాటితే చాలు, అక్కడికి చేరుకోవచ్చు. దాటగానే అపోలో ఆలయ శిథిలాలు కనిపిస్తాయి. ఇది క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటిది. అక్కడి నుంచి నడుచుకుంటూ వెళ్తే ప్రధాన చర్చి వస్తుంది. 1693 భూకంపం తర్వాత కట్టిన దీని ముందుభాగం చూసి వెనక్కి వచ్చేయకండి. పక్క గోడను గమనించండి. అందులో లావుపాటి గ్రీకు స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కార్తేజ్ సైన్యంపై క్రీస్తుపూర్వం 480లో గెలిచాక రాజు గెలాన్ కట్టించిన ఎథీనా దేవత గుడి అది. స్తంభాల మధ్య ఖాళీలు మూసి దాన్నే చర్చిగా మార్చేశారు.

కొండను తొలిచిన థియేటర్

నియాపొలిస్ పార్కులో అసలు ఆకర్షణ గ్రీకు థియేటర్. దీని వ్యాసం దాదాపు 138 మీటర్లు. మెట్లన్నీ కొండరాయిని తొలిచి చేసినవే. 1914 నుంచి ఇక్కడ మళ్లీ ప్రాచీన గ్రీకు నాటకాలు ఆడుతున్నారు. ఆ సీజన్‌లో మెట్లపై చెక్క పలకలు పరుస్తారు కాబట్టి రాతి మెట్లు సరిగా కనిపించవు.

సమీపంలోనే దాదాపు 198 మీటర్ల పొడవైన బలిపీఠం ఉంది. ఇప్పుడు మిగిలింది అడుగుభాగం మాత్రమే. పైరాళ్లను 16వ శతాబ్దంలో స్పెయిన్ పాలకులు కోటగోడల కోసం తరలించేశారు.

అందమైన తోట.. ఒకప్పటి జైలు

థియేటర్ పక్కనే లోతైన గుంట, అందులో నిమ్మ, నారింజ చెట్లు. ఇది ఒకప్పటి రాతి క్వారీ. నగరం కట్టడానికి సున్నపురాయిని ఇలాంటి క్వారీల నుంచే తవ్వారు. సిరక్యూజ్‌పై దండెత్తిన ఏథెన్స్ సైన్యం క్రీస్తుపూర్వం 413లో చిత్తుగా ఓడిపోయింది. పట్టుబడిన సైనికుల్ని ఈ ఊరి క్వారీల్లోకే దింపారు. ఖైదీలు 7 వేలకు తక్కువ ఉండరని ఆ కాలపు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. నీడ లేదు. మనిషికి రోజుకు దాదాపు పావు లీటరు నీళ్లు, కొద్దిపాటి ధాన్యం. చనిపోయినవాళ్ల శవాల మధ్యే బతికున్నవాళ్లు ఉండాల్సి వచ్చింది. ఇద్దరూ గ్రీకులే, మాట్లాడే భాషా ఒక్కటే. అయినా కనికరం చూపలేదు.

ఇక్కడే 'డయొనిషియస్ చెవి' అనే గుహ ఉంది. చిన్న శబ్దమైనా గట్టిగా మార్మోగుతుంది. పైన దాక్కుని ఖైదీల మాటలు నియంత డయొనిషియస్ వినేవాడన్నది కథ మాత్రమే. క్వారీల్లో నలిగిన ఆ వేలమంది మాత్రం నిజం.

ఇవి గుర్తుంచుకోండి

* 'ఆర్కిమెడిస్ సమాధి' అని చూపించేది నిజానికి రోమన్ల కాలపు సమాధి. ఆర్కిమెడిస్ క్రీస్తుపూర్వం 212లో రోమన్లు నగరాన్ని పట్టుకున్నప్పుడు ఓ సైనికుడి చేతిలో చనిపోయారు.
* తవ్వకాల్లో దొరికిన వస్తువుల కోసం పావొలో ఓర్సీ మ్యూజియానికి వెళ్లండి.
* దగ్గరి పెద్ద ఎయిర్‌పోర్ట్ కటానియా. మనవాళ్లకు షెంజెన్ వీసా తప్పనిసరి.
* ఎండాకాలం జాగ్రత్త. 2021 ఆగస్టు 11న ఈ ప్రాంతంలో 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్‌లో అదే రికార్డు. ఏప్రిల్, అక్టోబర్ నెలలు మేలు. నీళ్ల బాటిల్, టోపీ దగ్గర ఉంచుకోండి. పావు లీటరు నీళ్లతో ఆ గుంటలో రోజంతా గడపడం ఎలా ఉంటుందో అప్పుడే అర్థమవుతుంది.