ఆవోస్తా లోయలో కోటలు

ఇటలీ అనగానే మనకు రోమూ, వెనిసూ గుర్తుకు వస్తాయి. వాయవ్య మూల, ఆల్ప్సు పర్వతాల నడుమ ఉన్న ఆవోస్తా లోయను ఎరిగినవారు అరుదు. నది వెంబడి పోతూంటే గుట్టకొక కోట కనిపిస్తుంది.

లోయ ముఖద్వారాన ఉన్నది బార్డ్ కోట. 1800లో నెపోలియన్ సైన్యాన్ని నాలుగువందలమంది ఆస్ట్రియా సైనికులు ఇక్కడే సుమారు రెండు వారాలు నిలవేశారు. ఆయన దానిని నేలమట్టం చేయించాడు. నేను చూచినది తరువాత కట్టినది. పైన వెర్రెస్ కోట ఒట్టి రాతిపెట్టె. ఒక్కొక్క వైపు 30 మీటర్లు. యుద్ధం తప్ప దానికి వేరే ధ్యాస లేదు.

ఆవలి ఒడ్డున, ఆ షలాన్ వంశంవారిదే ఇస్సోన్యే సౌధం. ముంగిట ఇనుప దానిమ్మ చెట్టునుంచి నీళ్ళు జాలువారుతూంటాయి. పిల్లలకు వంశచరిత్ర తెలియాలని గోడలనిండా కులచిహ్నాలు వ్రాయించారు. కాని నన్ను నిలబెట్టినవి నడవలోని బొమ్మలు: దర్జీ, మందుల కొట్టు, కూరగాయల సంత, ఆయుధాలు గోడకు తగిలించి జూదమాడే కావలివాళ్ళు! ప్రబంధాలలో పురవర్ణన పాఠం చెప్పే నాకు చుట్టాలను చూచినట్లయింది. ఈ సౌధాన్ని తీర్చిదిద్దించిన జార్జ్ ద షలాన్ గతించిన 1509లోనే మన కృష్ణదేవరాయలు గద్దె నెక్కాడు.

కాలక్రమాన షలాన్ వంశం అంతరించింది. పాడుపడిన ఇంటిని 1872లో విత్తోరియో అవోందో అనే చిత్రకారుడు కొని, బాగుచేయించి, 1907లో ప్రభుత్వానికి ఇచ్చివేశాడు. ఏ పిల్లలకోసం ఆ కులచిహ్నాలు వ్రాశారో వారు లేరు. కూరలమ్మేవాళ్ళు మాత్రం ఇంకా బేరాలాడుతూనే ఉన్నారు.