డయాలిసిస్ పొందు పురుషుల దాంపత్య సమస్యలు

మూత్రపిండములు రెండును చెడిన పురుషుడు వారమునకు రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రము ప్రక్కన పరుండవలసి యుండును. నీరెంత త్రాగవలెనో, అరటిపండు తినవచ్చునో లేదో అతనికి చెప్పువారు పలువురు గలరు. దాంపత్యమును గూర్చి అడుగువారు అరుదు. అతడును తనంతట చెప్పడు.

దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి గల పురుషులపై పలు దేశములలో జరిగిన పరిశోధనలను 2010లో ఒకచోట చేర్చి లెక్కింపగా, సుమారు 70 శాతము మందికి అంగస్తంభన లోపము ఉన్నట్లు తేలినది. ఇది ముసలివారి బాధ యనుకొనుటయు పొరపాటే. ఒడిశా సరిహద్దున శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో, కారణమింకను నిశ్చయముగా తేలని మూత్రపిండవ్యాధి, కాయకష్టము చేయు వయసువారిని సైతము పట్టినది.

ఇట్లు జరుగుటకు కారణములు దేహములోనే యున్నవి. కోరికకును వీర్యోత్పత్తికిని ఆధారమైన టెస్టోస్టిరాన్ అను హార్మోను ఈ వ్యాధిలో తగ్గును. ప్రొలాక్టిన్ అను వేరొక హార్మోను హెచ్చి కోరికను అణచును. రక్తహీనత ఓపికను హరించును. స్తంభన యనగా అంగములోనికి రక్తము వేగముగా వచ్చి నిలుచుట. మధుమేహము, రక్తపుపోటు రక్తనాళములను చెరచిన పిమ్మట ఆ రాక మందగించును. రక్తపుపోటుకు ఇచ్చు కొన్ని మందులును, వాంతులను ఆపు మెటోక్లోప్రమైడ్ వంటివియు ఈ లోపమును పెంచగలవు. సంపాదన పోయెనను దిగులు వీటికి తోడగును. డయాలిసిస్ రక్తమును శుద్ధిచేయును గాని ఈ దోషములను పూర్తిగా తీర్చలేదు.

బళ్ళారిలోనో, హోసూరులోనో, షోలాపురములోనో, బరంపురములోనో స్థిరపడిన తెలుగువారికి ఇందు మరియొక చిక్కు గలదు. బజారు వ్యవహారము వారు ఆ ప్రాంతపు భాషలో చక్కగా నడుపుదురు; ఇట్టి మాటకు మాత్రము ఏ భాషలోను నోరు రాదు. యానాములో వైద్యుడు తెలుగువాడైనను మౌనము తప్పుటలేదు. తెలుగున దీనికి మర్యాదగా వాడు మాట “నరముల బలహీనత”. గోడలమీది ప్రకటనలు దానిని ఊరూర నాటినవి. రోగి దానిని కన్నడములోనికో తమిళములోనికో మార్చి చెప్పగా, వైద్యుడు కాళ్ళు చేతులు తిమ్మిరులెక్కుచున్నవని గ్రహించును. మూత్రపిండవ్యాధిలో ఆ తిమ్మిరులును నిజముగా ఉండును గనుక అతనికి అనుమానము రాదు. విటమిను మాత్రలు వ్రాసి పంపును. “నీరసము” అన్నను అంతే. ప్రక్కన తోడువచ్చిన కుమారుడో కుమార్తెయో దుబాసిగా నిలిచినచో ఆ మాత్రపు మాటయు వెలువడదు. “షండుడు” వంటి పాతమాటలు మనిషిని దూషించునే గాని వ్యాధిని తెలుపవు. వాటిని విడుచుటయే మేలు.

చెప్పవలసిన మాటలు తేలికయైనవే. కోరిక కలుగుటలేదు, కోరిక కలుగుచున్నది గాని అంగము గట్టిపడుటలేదు, గట్టిపడినను నిలుచుటలేదు. ఈ మూడును వేరువేరు. మొదటిదాని విషయములో వైద్యుడు హార్మోనులను పరీక్షింపవచ్చును. తక్కిన రెండింటిలో రక్తనాళములను, మందుల చీటిని చూచును. తెల్లవారుజామున నిద్రలో స్తంభన కలుగుచున్నదా యని అతడు అడిగినచో అది వట్టి కుతూహలము కాదు; కలుగుచున్నచో మనోవ్యాకులత పాలు ఎక్కువ యుండవచ్చునని ఊహించుటకు ఆధారము.

చికిత్స లేకపోలేదు. రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ సూదిమందు, అవసరమైనచోట మందుల మార్పు, పరీక్షల పిమ్మట కొందరికి టెస్టోస్టిరాన్. 1998లో వాడుకలోనికి వచ్చిన సిల్డెనాఫిల్‌ను డయాలిసిస్ రోగులకును వైద్యులు తక్కువ మోతాదుతో ఆరంభింతురు. అయితే గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు దానిని ముట్టరాదు. రక్తపుపోటు ప్రాణాపాయముగా పడిపోవును. “మూలికల” పేర అమ్ముడగు కొన్ని శక్తిమందులలో ఇదే మందు చెప్పకుండ కలిపినట్లు పరీక్షలలో బయటపడినది. గోడలమీది ప్రకటనకు భయపడవలసినది ఇందుకే. మూత్రపిండ మార్పిడి పిమ్మట పలువురికి మేలు కలుగును, అందరికిని కాదు.

వీర్యకణములు తగ్గినను సంతానము కలుగనే కలుగదని తలపరాదు. వలదనుకొను దంపతులు జాగ్రత్త పాటింపవలెను. డయాలిసిస్ జరిగిన నాటి రాత్రి అలసట మిక్కుటము గనుక మరునాడు అనుకూలము. సూదులు గ్రుచ్చు ఫిస్టులా చేతిపై భారము పడనీయరాదు. ఈ సంగతులను భార్యాభర్తలిద్దరును కలిసి వైద్యునితో మాట్లాడవచ్చును. పిల్లలను బయట కూర్చుండుమనిన చాలును.