హన్నా కన్నీరు మన ఊళ్లలోనూ ఉన్నది



చిలకలూరిపేట మొదలుకొని పర్చూరు వరకు మిరప, పత్తి పండే మన పల్లెల్లో కొత్త కోడలిని అందరూ అడిగే మాట ఒకటున్నది: "ఏమమ్మా, విశేషమేమైనా ఉందా?" మిరపకాయ కోతల్లో పక్క సాలున ఉన్నామె అడుగుతుంది. ఆరాధన ముగిశాక గుడి మెట్ల మీద మనమూ అడుగుతాము. మనకది పలకరింపు. నెలనెలా ఆశపడి నిరాశపడే ఆమెకు అది గాయము. కొన్నేళ్లకు అడగడం మానేస్తాము. దానితోపాటు సీమంతాలకు పిలవడమూ మానేస్తాము. చాటున "గొడ్రాలు" అంటాము.

ఇది మన ఒక్కరి బాధ కాదు

లోకమంతటా దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతాన సమస్య ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. ధనిక దేశమైనా, పేద దేశమైనా పెద్ద తేడా లేదు. ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లలు లేని స్త్రీలు, బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు 'కన్యాలెంగ్' అనే సంఘాలుగా కూడి, పాడుతూ, నవ్విస్తూ ఒకరినొకరు ఓదార్చుకుంటారు. మన స్త్రీకి అలాంటి తోడేది?

2019 సెప్టెంబరు 5న గుంటూరులోని ఒక ఆసుపత్రిలో, 70 ఏళ్లు దాటిన ఒక తూర్పు గోదావరి స్త్రీకి వైద్య సహాయంతో కవల ఆడపిల్లలు పుట్టారు. లోకం వింతగా చెప్పుకున్నది. పిల్లలు లేరని ఇరుగుపొరుగు తనను తప్పు చేసినదానిలా చూసేవారని ఆమె చెప్పిన మాట మాత్రం చాలామంది మరచిపోయారు. ఆ వయసులో ప్రాణానికి తెగించేలా చేసినది అలాంటి చూపులే కాదా? 2021 చట్టం ప్రకారం ఇప్పుడు ఈ వైద్యానికి స్త్రీకి 50, పురుషునికి 55 ఏళ్లు మించకూడదు.

భర్త మాటేమిటి?

కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. భర్తకు చేసే మొదటి పరీక్ష సులువైనది. అయినా ఆసుపత్రుల చుట్టూ తిరిగేది ఆమె, మారుమనువు బెదిరింపు వినేది ఆమె. భర్తకూ దుఃఖమున్నది. "నీ పొలం ఎవరికిరా?" అంటే రచ్చబండ దగ్గర నవ్వేస్తాడు, ఇంటికి వచ్చి మాట్లాడడు. ఇద్దరూ ఒకే మంచం మీద ఎవరి బాధ వారు దిగమింగుకుంటారు.

వాక్యం ఏమి చూపుతున్నది?

మొదటి సమూయేలు మొదటి అధ్యాయములో ఎల్కానా హన్నాను ప్రేమించాడు, పెనిన్నా ఆమెను విసిగించింది. ఆమె మందిరంలో ఏడుస్తుంటే యాజకుడైన ఏలీ సైతం మత్తురాలనుకున్నాడు. మన సంఘాల్లో "విశ్వాసం చాలలేదు" అనేవారు ఏలీ కంటే మేలా? బిడ్డ పుట్టకముందే జెకర్యా, ఎలీసబెతు నీతిమంతులని లూకా వ్రాశాడు. సంతానలేమి పాపానికి గుర్తు కాదు.

కాబట్టి భర్తలారా, భార్యతో కలిసి వైద్యుని దగ్గరకు వెళ్లండి. అత్తమామలారా, కోడలిని నిందించకండి. దత్తత కోరేవారు మధ్యవర్తులను నమ్మక, జిల్లా బాలల సంరక్షణ అధికారులను కలిసి చట్టప్రకారం చేసుకోండి. బిడ్డ కలగకపోయినా ఆ ఇల్లు సంపూర్ణ కుటుంబమే. ఈసారి ఏ ఇంట ఉయ్యాల వేడుక జరిగినా ఆమెనూ పిలవండి. రావాలో వద్దో ఆమె ఇష్టం. వస్తే మాత్రం బిడ్డను ముందు ఆమె చేతికివ్వండి.