ఒక్క వాటాపై నమ్మకము

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి రైతు, వీలున్నంతవరకు, భూమినంతటిని మిరపకే విడువక కొంత ప్రత్తికిని ఉంచును. ఒకటి పోయినను రెండవది కాచును. ఆ పంటసొమ్మునే ఒక్క కంపెనీ వాటాలలో పెట్టి ఏండ్లతరబడి కదల్పకుండువారు ఈ వివేకమును మరచుట ఏల?

1987లో హైదరాబాదున పుట్టిన సత్యం కంప్యూటర్సు కథ తెలిసినదే. లెక్కలలో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకుపైగా అసలు లేదని 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజే ఒప్పుకొనెను. వాటావెల ఆనాడే నాలుగింట మూడుపాళ్లకుపైగా కూలెను. ఏండ్ల ఓర్పు ఒక్క పూటలో వ్యర్థమయ్యెను.

ఓర్పు దోషము కాదు. మంచి సంస్థయైనచో కాలమే లాభమును పెంచును. కాని శీతలగిడ్డంగి మేలుకాయను కాపాడునేకాని తాలుకాయను మేలుకాయగా మార్చదు. కాలమును అంతియే. కావున ఏటేటా లెక్కలను పరికింపుడు. సర్వస్వమును ఒక్క చేనిలో చల్లకుడు.