బుడమేరు వెంట... భయం దాటి!

వరద చూసిన ఇంట్లో వాన చప్పుడు వేరేగా వినిపిస్తుంది. చినుకు పడితే చాలు... పిల్లలు నిద్రలో ఉలిక్కిపడతారు. అమ్మ లేచి వెళ్లి మెట్ల దగ్గర నీళ్లు చేరాయేమోనని చూస్తుంది. నాన్న పైకి ఏమీ అనడు, కానీ ఆ రాత్రి ఆయనకీ నిద్ర ఉండదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీల మీద పడింది. వేల కుటుంబాలు మేడల మీద రోజుల తరబడి చిక్కుకుపోయాయి. పాలు, తిండి పడవల్లో వచ్చాయి. హెలికాప్టర్లు, డ్రోన్లూ పొట్లాలు జారవిడిచాయి. నీళ్లు తీశాయి, ఇళ్లు కడుక్కున్నారు. మరి మనసులో పేరుకున్న బురద మాటేమిటి?

ఆ నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో తెలుసా? కొల్లేటికి. వేలాది పక్షులు గూళ్లు కట్టుకునే చోటికి! ఊరిని ముంచిన నీటి వెంటే కుటుంబమంతా కలిసి ఓ ప్రయాణం చేస్తే? వినడానికి వింతగా ఉన్నా, భయాన్ని కరిగించే దారుల్లో ఇదీ ఒకటి.

పారిపోతే పెరుగుతుంది
పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డాక మనసు కాపలా మానదు. నీరు కనిపిస్తే చాలు, గుండె దడదడలాడుతుంది. అందుకని కాలువ దారి మానేస్తారు, పడవ ఎక్కరు. ఆ పూటకి హాయిగానే ఉంటుంది. కానీ తప్పించుకున్న ప్రతిసారీ ‘అది నిజంగానే ప్రమాదం’ అని మనసు గట్టిగా రాసుకుంటుంది. భయపడ్డ దాని దగ్గరికి కొంచెం కొంచెంగా వెళ్లి, ఏమీ కాలేదని తెలుసుకుంటేనే ఆ రాత చెరుగుతుంది. మానసిక వైద్యులు చేయించేదీ ఇదే.

ఇక్కడ కుటుంబం ఎందుకంటే... పిల్లలు ముందు నీటిని చూడరు, అమ్మానాన్నల ముఖం చూస్తారు. అక్కడ ధైర్యం కనిపిస్తే సగం భయం పోయినట్టే.

ఒక్కో మెట్టూ...
విజయవాడలో వరద చూసిన ఓ అక్క కుటుంబం సంక్రాంతికి ఉండిలోని చెల్లెలి ఇంటికి వచ్చిందనుకోండి. మొదటిరోజు కాలువ గట్టు మీద నడక చాలు. పిల్లలు గట్టున కూర్చుని రాళ్లు విసురుతారు. ఎవరూ ‘దిగు దిగు’ అనకూడదు.

రెండోరోజు ఆకివీడు దాటి ఉప్పుటేరు వంతెన దాకా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లన్నీ కొల్లేరులో చేరి, ఈ ఉప్పుటేరు మీదుగానే బంగాళాఖాతానికి పోతాయి. వంతెన మీద నిలబడి బాబాయి ఈ సంగతి చెబితే, ఇంటి మీదికొచ్చిన రాక్షసి కాస్తా దారి వెతుక్కుంటూ పోయే ఏరులా కనిపిస్తుంది.

మూడోరోజు కైకలూరు దగ్గరి ఆటపాక. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరులో పక్షుల్ని దగ్గరగా చూడటానికి ఇదే మంచి చోటు. చలికాలం వస్తే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల సందడి చూసి తీరాల్సిందే. లైఫ్ జాకెట్ బిగించుకుని పడవలో కూర్చున్నాక పెద్దవాడు చిన్నగా అడగొచ్చు...

‘‘పిన్నీ, మధ్యలో భయమేస్తే?’’

‘‘చెప్పు నాన్నా. చెప్పగానే వెనక్కి తిప్పించేద్దాం.’’

ఈ మాటే మందు. వరదలో వాడి చేతిలో ఏమీ లేదు. ఇప్పుడు తిరిగొచ్చే నిర్ణయం వాడిదే. ఆ రోజు మధ్యలోంచి వెనక్కి వచ్చినా ఓటమి కాదు, మర్నాడు ఇంకాస్త దూరం వెళ్లొచ్చు.

సాయంత్రం ఇంటికొచ్చాక కబుర్లు మొదలవుతాయి. అంతకుముందు ఎవరూ ఎత్తని మేడ మీది ఆ రాత్రులు అన్నం ముద్దల మధ్య బయటికొస్తాయి. దాచుకున్నది నలుగురి ముందూ చెప్పుకోగలిగితే బరువు తగ్గినట్టే.

అక్కడా ఇదే బాట
ఒంటరిగా పడవలో ప్రపంచాన్ని చుట్టొచ్చిన బ్రిటన్ నావికురాలు ఎలెన్ మెకార్థర్ 2003లో ఓ ట్రస్టు పెట్టారు. క్యాన్సర్ నుంచి బయటపడ్డ పిల్లల్ని, యువతను తెరచాప పడవల్లో సముద్రం మీదికి తీసుకెళ్లడమే దాని పని. ఆసుపత్రి మంచం మీద పోగొట్టుకున్న నమ్మకాన్ని అలల మీద వెతుక్కోవడమన్నమాట!

తెగింపు వేరు... సాహసం వేరు
2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. 26 మంది బతికి బయటపడ్డారు. అందుకే నీటిని గౌరవించాలి. వరద పోటులో, గాలివానలో ప్రయాణం వద్దు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. పరిమితికి మించి జనం ఎక్కితే దిగిపోవాల్సిందే.

ఇంకో మాట. యాత్ర వైద్యానికి బదులు కాదు. నెల దాటినా పీడకలలు వదలకపోతే, పిల్లలు బడికి వెళ్లడానికి భయపడుతుంటే డాక్టరును కలవాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆటపాకలో పొద్దువాలే వేళకు గూడబాతులు గుంపులుగా గూళ్లకు చేరతాయి. ఏ ఏరు ఏ ఊరిని ముంచి వచ్చిందో వాటికి పట్టదు. ఆ నీళ్ల మధ్యే పిల్లల్ని పెంచుకుంటాయి. పడవలో కూర్చుని అది చూసిన పిల్లాడు, ఆ తర్వాత వాన పడ్డ రాత్రి మళ్లీ ఉలిక్కిపడొచ్చు. కానీ ఈసారి వాడికి గుర్తొచ్చేది మేడ మీది చీకటి ఒక్కటే కాదు... ఆ రెక్కల చప్పుడు కూడా!